అంతా ఒక్క డబ్బాలోనే!

ఇప్పటి పిల్లలు గీసే బ్లాక్ డయాగ్రాములు చూస్తుంటే నాకు ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ముచ్చట ఎందుకంటే, రంగులేం రంగులు, గీతలేం గీతలు! స్కేలు పెట్టి గీసినా మాకంత తిన్నగా వచ్చేవి కావు. ఒళ్ళు మండేది ఎందుకంటే, అంత అందమైన బొమ్మకీ నడిమధ్యన ఒకే ఒక్క డబ్బా ఉంటుంది. ఎడమ పక్క నాలుగు తీగలు లోపలికి పోతాయి, కుడి పక్క మూడు బయటికొస్తాయి. లోపల ఏముందిరా అంటే ‘కోడ్ ఉంది తాతయ్యా’ అంటారు. కోడ్ ఉందని నాకూ తెలుసు నాయనా. చెరువెక్కడుంది అని నేనడిగేది.

చెరువన్నాను కాబట్టి ఊరు కూడా చెప్పాలి. మాది ముదినేపల్లి. పామర్రు నుంచి దిగమర్రు పోయే 165 నంబరు జాతీయ రహదారి మీద, గుడివాడ దాటాక, కైకలూరు రాకముందు తగులుతుంది. నేను పుట్టింది కృష్ణా జిల్లాలో. 2022 ఏప్రిల్లో, కూర్చున్న అరుగు మీంచి లేవకుండానే ఏలూరు జిల్లావాణ్ణి అయిపోయాను. అది వేరే గొడవ, దాని మీద ఇంకోసారి విసుక్కుంటాను. నా చిన్నప్పుడు ఊరి చుట్టూ వరిచేలు. కాలవకి నీళ్ళొదిలారా, తూము దగ్గర నీళ్ళు వదిలే లస్కరున్నాడా, మురుగు కాలవ పొంగిందా, ఇవీ కబుర్లు. ఇప్పుడు ఎటు చూసినా చెరువులే. కబుర్లూ మారిపోయాయి. బొచ్చె ఏం ధర పలికింది, శీలావతి ఎంత తూగుతోంది, రాత్రి కరెంటు పోయిందా, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయా?

నేను కంట్రోల్ సిస్టమ్స్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని మా తమ్ముడి మనవడు, బీటెక్ ఆఖరి సంవత్సరంవాడు, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. ప్రాజెక్టు ఏమిటయ్యా అంటే, చేపల చెరువులో ఆక్సిజన్ రాత్రంతా ఎలా పడిపోతుంది, ఏరేటరు ఎప్పుడు వేస్తే చేప బతుకుతుంది, కరెంటు బిల్లు ఎంతవుతుంది. ఎంచుకున్న విషయానికి వంక పెట్టను. బల్బు వెలిగించి ‘స్మార్ట్ హోమ్’ అనే ప్రాజెక్టులకన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

విషయం తెలియనివారికి రెండు ముక్కలు. పగలు ఎండ కాస్తుంటే నీళ్ళలోని పచ్చటి సూక్ష్మ నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకితే తయారీ ఆగిపోతుంది, ఊపిరి మాత్రం ఎవ్వరూ ఆపరు. చేప పీలుస్తుంది, ఆ నాచే తిరిగి పీలుస్తుంది, అడుగున కుళ్ళుతున్న మేతా బురదా పీలుస్తాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకి దిగుతుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి మరీ కష్టం. 30 డిగ్రీల మంచినీళ్ళు గాలి నుంచి పట్టి ఉంచుకోగలిగేది లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల దగ్గరైతే 8 పైచిలుకు. అంటే నీళ్ళు వేడెక్కేకొద్దీ నిలవ తగ్గుతుంది, చేప అవసరం పెరుగుతుంది. లెక్కగా రాస్తే ఒక్క సమీకరణం: ఆక్సిజన్ మారే వేగం అంటే తయారైనదాంట్లోంచి పీల్చింది తీసేసి, గాలి నుంచి వచ్చింది కలపడం. గాలి నుంచి వచ్చేది, నీళ్ళు పట్టగలిగినదానికీ ఇప్పుడున్నదానికీ ఎంత తేడా ఉంటే దానికి తగ్గట్టుగా వస్తుంది. ఏరేటరు వేస్తే ఆ గుణకం పెరుగుతుంది. అంతే.

ఇక వాడి బాధ వినండి. సాల్వర్ అంటే ఆ సమీకరణాన్ని అడుగడుగునా లెక్కేసే ప్రోగ్రాం, టాలరెన్స్ అంటే అది ఎంత తప్పుని ఒప్పుకుంటుందన్నది.

“తాతయ్యా, సాల్వర్‌లో టాలరెన్స్ బిగిస్తే చేపలు ముందే చచ్చిపోతున్నాయి.”

“అదేమిట్రా?”

“నిజం. టాలరెన్స్ వదులుగా ఉంచితే తెల్లవారేదాకా బతుకుతున్నాయి. ఇంకాస్త ఖచ్చితంగా లెక్కెయ్యమంటే రాత్రి పది గంటలకే ఆక్సిజన్ సున్నా. పైగా ఒక్క రాత్రిలో ఏరేటరు నలభై గంటలు తిరిగినట్టు చూపిస్తోంది.”

లెక్క ఎంత ఖచ్చితంగా చేస్తే చేప అంత తొందరగా చస్తోందట! కైకలూరు చేపల వ్యాపారులు విన్నారంటే గణితశాస్త్రాన్నే నిషేధించమంటారు. రాత్రికి నలభై గంటలన్న మాట మటుకు నాకు నచ్చింది. అలాంటి రాత్రి ఒకటుంటే బాగా నిద్రపోవచ్చు.

డబ్బా తెరవమన్నాను. రెండు వందల పైచిలుకు లైన్లు. ఎండ, వేడి, చేప బరువు, మేత, ఏరేటరు, కరెంటు అన్నీ అందులోనే. పెళ్ళివారింట్లో సామాన్ల గదిలా ఉంది, ఏది కావాలన్నా దొరుకుతుంది, ఏదీ దాని చోట ఉండదు.

మా రోజుల్లో ఇది కుదిరేది కాదు. మేమేదో బుద్ధిమంతులం అని కాదు, యంత్రం ఒప్పుకునేది కాదు. 1970 ప్రాంతంలో మేం ఇంజనీరింగ్ చదివేటప్పుడు లాబ్‌లో అనలాగ్ కంప్యూటర్ ఉండేది. దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. ముందు భాగాన ప్యాచ్ ప్యానెల్, దాన్నిండా చిల్లులు, ఆ చిల్లుల్లో గుచ్చడానికి రంగురంగుల తీగలు. ఒక ఇంటిగ్రేటర్ అంటే ఒక ఆంప్లిఫయరు, ముందొక రెసిస్టరు, వెనక్కి తిప్పి కట్టిన కెపాసిటరు. చెరువులో ఇప్పుడెంత ఆక్సిజన్ ఉంది అన్న సంగతి ఆ కెపాసిటరు మీద వోల్టేజిగా కూర్చునేది. వోల్ట్‌మీటరు కర్ర ఆనిస్తే ముల్లు చెప్పేది. సిస్టమ్‌కి జ్ఞాపకాలెన్ని అంటే వేలు పెట్టి లెక్కపెట్టి చూపించేవాళ్ళం. ఇదొకటి, ఇదొకటి. చూపించలేని జ్ఞాపకం ఆ యంత్రంలో ఉండటానికి వీల్లేదు.

దానికి ముందు స్కేలింగ్ అని ఒక తద్దినం. ఆ ట్రాన్సిస్టరు యంత్రంలో వోల్టేజి ప్లస్ పదికీ మైనస్ పదికీ మధ్యనే తిరగాలి. దాటిందంటే ఓవర్‌లోడ్ లైటు వెలిగేది, లాబ్ అసిస్టెంటు మన వైపు చూసే చూపు ఇంకో రకంగా వెలిగేది. కాబట్టి యంత్రం దగ్గరికి వెళ్ళకముందే తెలియాలి: ఈ సరుకు ఎంత దాకా పెరుగుతుంది, ఎంత దాకా తగ్గుతుంది, ఒక రోజుని ఎన్ని సెకన్లకి కుదించాలి. పైగా ప్రతి ఇంటిగ్రేటరూ గుర్తు తిరగేసేది. ప్లస్ ఇస్తే మైనస్ వచ్చేది. ఒక్క తిరగేసేవాణ్ణి మరిచిపోతే తగ్గాల్సింది పెరుగుతూ పోయి మళ్ళీ ఆ లైటే. ఇంత చాకిరీ చేశాక ఆన్సరు ఎంత రావచ్చో యంత్రం కన్నా ముందు మాకే తెలిసిపోయేది. ఇప్పుడు మావాణ్ణి ‘రాత్రి మొత్తమ్మీద ఆక్సిజన్ సుమారు ఎంత పడచ్చురా’ అంటే ‘రన్ చేసి చెప్తాను’ అంటాడు.

అయితే మనం సొంతంగా రాసుకునే ఫంక్షన్ అనేది అప్పుడు లేదా? ఉండేది. దాని పేరు డయోడ్ ఫంక్షన్ జనరేటర్. ఒక వంకర గీత కావాలనుకోండి, వేడి పెరిగేకొద్దీ నీళ్ళు పట్టుకునే ఆక్సిజన్ తగ్గే గీతే అనుకోండి, దాన్ని పదో పదకొండో తిన్నటి ముక్కలుగా విరిచి, ఒక్కో మలుపుకీ ఒక్కో డయోడు, ఒక్కో వాలుకీ ఒక పొటెన్షియోమీటరు తిప్పాలి. ఒకటి సరిచేస్తే దాని పక్కది చెడేది. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి ఒక గీత తయారు. ఆ తరవాత గది వేడెక్కితే డయోడ్లు కూడా వేడెక్కి గీత కాస్త పక్కకి జరిగేది. పరాబోలా అనుకున్నది సాయంత్రానికి ఏ బోలానో చెప్పడం కష్టం. అది తిరిగి రావాలని నేను ఛస్తే కోరుకోను. మా రోజుల్లో అన్నీ బాగుండేవి అన్నవాడెవడైనా ఉంటే వాడికి ఆ జనరేటరు ముందు కుర్చీ వేయండి.

కానీ ఒక్కటి గమనించండి. ఆ జనరేటరుకి జ్ఞాపకం లేదు. ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ ఇచ్చేది, నిన్న ఏమిచ్చానో దానికి తెలియదు. వంకర గీత దాని పని, జ్ఞాపకం ఇంటిగ్రేటరు పని. ఈ విభజన మేం పెట్టింది కాదు, తీగలూ కెపాసిటర్లూ పెట్టింది.

తరవాత పంచ్ కార్డుల రోజులు. మద్రాసు ఐఐటీలో 1973లో ఐబీఎం 370 వచ్చింది. నేను అక్కడికి ఎం.టెక్‌కి వెళ్ళాక సిమ్యులేషన్ అంటే సీఎస్ఎంపీ. ఐబీఎంవాళ్ళ భాష. బొమ్మ మన కాగితం మీద ఉండేది, యంత్రానికి ఇచ్చేది వాక్యాలు, ఒక్కో కార్డుకి ఒక్కోటి. ఇంటిగ్రేటరుకి ఇంటిగ్రల్ అనే పదం, దానికి బ్రాకెట్లో ఆరంభ విలువా, మారే వేగమూ ఇవ్వాలి. వాక్యాలు ఏ వరసలో ఇచ్చినా, దేని తరవాత ఏది లెక్కెయ్యాలో అదే సర్దుకునేది. కార్డుల కట్ట కింద పడేసినవాడికి అంతకన్నా దయగల భాష ఇంకోటి దొరకదు.

అందులో మన సొంత ఫోర్ట్రాన్ ముక్క పెట్టుకునే వీలుండేది. ప్రొసీజర్ అని మొదలుపెట్టి, ఎండ్‌ప్రో అని ముగిస్తే, ఆ మధ్యది సర్దకుండా ఉన్నదున్నట్టు నడిపేది. ఇప్పుడు పిల్లలు డబ్బాలో రాసే కోడ్‌కి ఇదే పూర్వరూపం. మావాడు పడిన గొయ్యి కూడా అప్పటిదే! ఆ గొయ్యి ఉందని ఆ భాష తయారుచేసినవాళ్ళకి తెలుసు. అందుకని కీప్ అని ఒక గుర్తు ఇచ్చారు. సాల్వర్ ఒక అడుగు నిజంగా ఖాయం చేసినప్పుడే కీప్ విలువ ఒకటి. మనం ఏదైనా లెక్కపెట్టాలన్నా, అచ్చెయ్యాలన్నా, గుర్తుపెట్టుకోవాలన్నా, ముందు కీప్ ఒకటేనా అని అడిగి చెయ్యాలి.

ఎందుకంటే సాల్వర్ అనేది తిన్నగా నడిచే మనిషి కాదు. ఒక అడుగు వెయ్యాలంటే ముందు అక్కడా ఇక్కడా కాలు ఆనించి చూస్తుంది. పాత రూంగే-కుట్టా పద్ధతి అడుగుకి నాలుగుసార్లు మన ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఇప్పుడు అందరూ వాడే డోర్మండ్-ప్రిన్స్ జంట పద్ధతి ఆరుసార్లు పిలుస్తుంది. పిలిచాక, తప్పు ఎక్కువగా ఉందనుకుంటే ఆ అడుగే రద్దు చేసి, చిన్న అడుగుతో మళ్ళీ మొదలుపెడుతుంది. ఒక్కోసారి కాలంలో కాస్త వెనక్కి వెళ్ళి మరీ పిలుస్తుంది. ఎన్నిసార్లు పిలుస్తుందన్నది దాని ఇష్టం. మనకి చెప్పదు, చెప్పాల్సిన అవసరం దానికి లేదు.

ఇప్పుడు మావాడి డబ్బాలోకి రండి. లోపల ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టాడు, అందులో ఆక్సిజన్ దాచాడు. పిలిచినప్పుడల్లా పాత ఆక్సిజన్‌కి మారే వేగాన్ని అరవైతో గుణించి కలుపుతున్నాడు. అరవై ఏమిటిరా అంటే “ఒక నిమిషం తాతయ్యా, అరవై సెకన్లు” అన్నాడు. పిలిచినప్పుడల్లా ఒక నిమిషం గడిచిందని వాడి నమ్మకం. అవుట్‌పుట్టేమో కరెంటు యూనిట్లు కూడటానికి ఒక ఇంటిగ్రేటర్‌లోకి పోతోంది. ఆ ఇంటిగ్రేటర్ కోసం సాల్వర్ అడుగడుక్కీ ఈ డబ్బాని పదేపదే పిలుస్తోంది. పిలిచిన ప్రతిసారీ చెరువులో ఒక నిమిషం గడిచిపోతోంది. బయట గడియారంలో రాత్రి పది, డబ్బాలో అప్పటికి రెండు రాత్రులు అయిపోయాయి. టాలరెన్స్ బిగిస్తే అడుగులు చిన్నవవుతాయి, పిలుపులు పెరుగుతాయి, చెరువు ఇంకా తొందరగా ముసలిదవుతుంది. చేపలు చావక ఏం చేస్తాయి? ఏరేటరు నలభై గంటలు తిరిగిందంటే, పాపం అది నలభై గంటల సరిపడా పిలుపులు విన్నది.

నడిమి కాలపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఏకంగా పంచ్ కార్డుల నుంచి ల్యాప్‌టాప్ మీదికి దూకానంటారు. క్లీవ్ మోలర్ అనే ఆచార్యుడు అమెరికాలో తన విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయకుండా మాత్రికల లెక్కలు చేసుకోవాలని 1970ల చివర మాట్‌లాబ్ తయారుచేశాడు. 1984లో దాని చుట్టూ కంపెనీ పుట్టింది. 1990ల మొదట్లో సిమ్యులింక్ వచ్చింది. మళ్ళీ మా బొమ్మలు మాకు దక్కాయి, ఈసారి తీగలు గుచ్చకుండా, మౌస్‌తో లాగి! నేనప్పుడు పాఠాలు చెప్పేవాణ్ణి. సంతోషం పట్టలేకపోయాను.

అందులో సొంత బ్లాకు కావాలంటే ఎస్-ఫంక్షన్ రాయాలి. మా పిల్లలు దాన్ని తిట్టనిరోజు లేదు. సిమ్యులింక్ మన ఫంక్షన్‌ని ఒక ఫ్లాగ్ నంబరు ఇచ్చి పిలిచేది. సున్నా అయితే, నీలో స్టేట్‌లు, అంటే జ్ఞాపకాలు, ఎన్నున్నాయో ముందు చెప్పు. ఒకటైతే, వాటి మారే వేగాలివ్వు. రెండైతే, విడివిడి కాలాల్లో మారే స్టేట్‌లని ఇప్పుడు మార్చుకో. మూడైతే, అవుట్‌పుట్ ఇవ్వు. తొమ్మిదైతే దుకాణం కట్టెయ్. పరమ విసుగు. పది లైన్ల పనికి అరవై లైన్ల తంతు. అయినా చూశారా, గుమ్మంలోనే నిలదీసేది: నీ జ్ఞాపకమెంత, ఎక్కడ పెట్టుకున్నావు? సమాధానం చెప్పనివాణ్ణి లోపలికి రానిచ్చేది కాదు.

విసుగు తీర్చడానికి 2004లో ఎంబెడెడ్ మాట్‌లాబ్ ఫంక్షన్ అని ఒక బ్లాకు ఇచ్చారు, 2011లో పేరు కురచ చేసి మాట్‌లాబ్ ఫంక్షన్ అన్నారు. రెండుసార్లు నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది, రాసుకోవడమే. అది మనం రాసింది లోపల సీ భాషలోకి మార్చి పరిగెత్తిస్తుంది. పాత పద్ధతిలో అడుగడుక్కీ మాట్‌లాబ్‌ని నిద్రలేపే బ్లాకు కన్నా వేగం చాలా ఎక్కువ. గొప్ప సదుపాయం, కాదనను. సదుపాయంతో పాటు గుమ్మంలో ఉన్న కాపలావాణ్ణి కూడా తీసేశారు, అదీ నా ఏడుపు.

మావాడిది సిమ్యులింక్ కాదు. లైసెన్సు డబ్బులు ఎవడిస్తాడు? ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్, దాని బొమ్మల భాగం ఎక్స్‌కాస్. ఊరికే దొరుకుతుంది. ఐఐటీ బొంబాయిలో ఫాసీ అనే ప్రాజెక్టువాళ్ళు కాలేజీల్లో దీన్నే వాడమని చాలా ఏళ్ళుగా చెబుతున్నారు, మంచి పని. విచిత్రం ఏమిటంటే ఎక్స్‌కాస్‌లో ఆ కాపలావాడు ఇంకా ఉన్నాడు. సొంత కోడ్ రాసుకునే సైఫంక్ బ్లాకు తెరిస్తే ముందు ఒక ఫారం వస్తుంది. ఇన్‌పుట్లెన్ని, అవుట్‌పుట్లెన్ని, ఆరంభ స్టేట్ ఎంత. ఆ గడిలో ఏదైనా రాస్తే, మారే వేగం ఎలా లెక్కెయ్యాలో వేరే కిటికీ తెరిచి అడుగుతుంది. మావాడు గడి ఖాళీగా వదిలాడు కనుక అది అడగలేదు. వచ్చిన కిటికీలో రెండు వందల లైన్లు కుక్కి, ఆ తరవాతవాటికి ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయాడు. బ్యాంకువాడిచ్చిన ఫారం మీదా వీడు ఇలాగే సంతకాలు పెడతాడని నా భయం.

సరే, బాగుచేశాం. ఎలాగంటే, డబ్బాలోంచి ఆక్సిజన్‌ని బయటికి లాగి ఒక ఇంటిగ్రేటర్ బ్లాకులో పెట్టాం. డబ్బాకి ఇప్పుడు ఎండ, నీటి వేడి, ప్రస్తుత ఆక్సిజన్, ఏరేటరు తిరుగుతోందా లేదా అన్నవి తీగల మీద వస్తాయి. అది ఒక్క సంఖ్య తిరిగిస్తుంది, మారే వేగం. నిన్నటి సంగతి, నిమిషం కిందటి సంగతి దానికి తెలియదు. వంద సార్లు పిలిచినా, వెనక్కి వెళ్ళి పిలిచినా, అదే అడిగితే అదే చెబుతుంది. పిలుపులు లెక్కపెట్టే పని లేదు కనుక కీప్ లాంటిదానితో కూడా అవసరం తీరిపోయింది.

ఏరేటరు సంగతి వేరు. వాడు ఇఫ్ పెట్టి, ఆక్సిజన్ మూడున్నర కన్నా తగ్గితే వెయ్యి, అయిదు దాటితే ఆపు అని లోపలే రాశాడు. రెండు ఇబ్బందులు. మూడున్నరకీ అయిదుకీ మధ్య ఉన్నప్పుడు అది తిరుగుతోందా లేదా అన్నది ఇంతకుముందు ఏంచేసిందన్న దాని మీద ఉంటుంది, అంటే మళ్ళీ జ్ఞాపకం. రెండోది, లోపల రాసుకున్న ఇఫ్ సాల్వర్‌కి కనపడదు. సరిగ్గా మూడున్నర దాటిన క్షణాన్ని వెతికి అక్కడ ఆగే తెలివి సాల్వర్‌కి ఉంది, కానీ హద్దు ఎక్కడుందో ఎవరైనా చెబితేనే. తయారుగా ఉన్న రిలే బ్లాకు ఆ మాట చెబుతుంది, మన ఇఫ్ చెప్పదు. అందుకని ఇఫ్ తీసేసి అదే పెట్టాం. ఎక్స్‌కాస్‌లో ఆ రిలే పని చేసే హిస్టరిసిస్ బ్లాకు పేరు ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువేసి తప్పుగా రాశారు, ఇన్నేళ్ళయినా దిద్దలేదు. నేను బతికుండగా దిద్దితే చూడాలని ఉంది. బ్లాకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

టాలరెన్స్ బిగించాం, వదిలాం. గీత మీద గీత పడింది.

ఇంతకీ డబ్బాలో మిగిలింది ఏమిటి? వేడికీ నీళ్ళు పట్టే ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న వంకర సూత్రం, పది డిగ్రీలు పెరిగితే ఊపిరి సుమారు రెట్టింపయ్యే లెక్క, పగలు లేచి సాయంత్రం దిగే ఎండ గీత, చివర కూడికా తీసివేతా. పదిలైన్లు. వీటిని రాయడానికి డబ్బాని మించినది లేదు. ఇవే కూడికల బ్లాకులూ గుణకారం బ్లాకులూ కలిపి గీస్తే, నాలుగు వర్గాలూ మూడు ఘనాలూ ఉన్న సూత్రానికి తెర నిండా తీగలు అల్లుకుపోతాయి. ఎక్కడ ఏది తప్పో పట్టుకోవడం మీ తాతగారి తరం కాదు, అంటే నా తరం కాదు. డయోడ్ల ముందు పూటంతా కూర్చున్న మాకు ఒక్క లైనులో వంకర గీత అంటే స్వర్గం. ఆ స్వర్గాన్ని వీళ్ళు గోడౌన్ చేశారని నా గోల.

ఇంకో పిల్ల వచ్చింది మొన్న, వాడి క్లాస్‌మేటే. ఆ అమ్మాయిది తూము మోడల్. కాలవలో నీటి ఎత్తుకీ అవతలి మురుగు కాలవలో ఎత్తుకీ తేడా తీసుకుని, దాని వర్గమూలంతో ప్రవాహం లెక్కవేసింది. పుస్తకంలో అలాగే ఉంటుంది. పుస్తకం రాసినవాడు మా ప్రాంతం చూడలేదు కదా! ఇది డెల్టా అడుగు భాగం. వరదొస్తే మురుగు కాలవ మట్టం పంటకాలవని మించిపోతుంది. కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోయే ఉప్పుటేరులో పోటు సమయంలో నీళ్ళు ఎదురెక్కుతాయి. తేడా మైనస్ అవుతుంది. మైనస్‌కి వర్గమూలం తియ్యమంటే సిమ్యులింక్ డబ్బా కుదరదని ఆగిపోతుంది. సైలాబ్ మారుమాట్లాడకుండా సంకీర్ణ సంఖ్య తీసి చేతిలో పెడుతుంది. ఊహా భాగం ఉన్న నీళ్ళు! ఏ రైతు పొలానికి పెడతావమ్మా అన్నాను.

పాపం నవ్వింది, తరవాత చక్కగా దిద్దుకుంది. తేడా గుర్తు విడిగా తీసి, పరిమాణానికి మాత్రం వర్గమూలం తీసి, గుర్తు తిరిగి కలిపింది. అక్కడితో అయిపోలేదు. తేడా సున్నా దగ్గరికొచ్చేసరికి వర్గమూలం గీత నిట్టనిలువుగా లేస్తుంది. రెండు కాలవలూ సమానమయ్యే వేళ సాల్వర్ ఆ గోడ ముందు చీమంత అడుగులు వేస్తూ నిలబడిపోయింది. సున్నాకి అటూ ఇటూ ఒక సెంటీమీటరు మేర గీతని తిన్నగా చేయించాను. పరిగెత్తింది. తేడా సెంటీమీటరు లోపు ఉన్నప్పుడు తూములో నీళ్ళు ఎంత పోతున్నాయో లస్కరుకీ తెలియదు, ఆయన దాని గురించి దిగులూ పడడు.

కోడ్‌లో వేరియబుల్స్‌కి వీళ్ళు పెట్టే పేర్ల గురించి నాలుగు తిట్లు తిట్టాలనుకున్నాను గానీ వయసు మీద పడింది. ఏ, బీ, టెంప్, టెంప్‌వన్. టెంప్ అంటే టెంపరేచరా, టెంపరరీయా? ఒకే ఫంక్షన్‌లో రెండూ ఉన్నాయి. ఆక్సిజన్ ఒకచోట లీటరుకి, ఇంకోచోట చెరువు మొత్తానికి. మేం స్కేలింగ్ పట్టికలో ప్రతి సరుకు పక్కనా దాని కొలత రాసి, కింద సంతకం కూడా పెట్టేవాళ్ళం. పోనీలెండి.

రెండో రివ్యూ అయ్యాక మావాడు ఫోన్ చేశాడు. బాగా జరిగిందా అన్నాను. “మోడల్ నచ్చింది తాతయ్యా. కానీ మార్కులు తగ్గాయి” అన్నాడు. ఎందుకయ్యా అంటే, పోయిన రివ్యూలో రెండు వందల లైన్ల కోడ్ ఉంది, ఈసారి పది లైన్లే ఉంది, మిగతా పని ఎవరు చేశారు అని అడిగారట. ఇంటిగ్రేటర్ చేసింది సార్ అన్నాడట వీడు. “అది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది కదయ్యా, నీ కంట్రిబ్యూషన్ ఏమిటి?” అన్నారట.

మూడో రివ్యూకి ఆ తీసేసిన నూట తొంభై లైన్లనీ కామెంట్లుగా మార్చి వెనక అతికించమని వాడి స్నేహితులు సలహా ఇచ్చారు. నన్ను అడిగితే నేను వద్దన్నాను. నా మాట వింటాడని నాకు నమ్మకం లేదు.